17సీ ప్రతి ఎవరి దగ్గర ఉంది?

మా అమ్మ సంవత్సరీకానికి కందుకూరులోని పాత ఇంట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక పంచలో చాపలు పరుచుకుని నడుం వాల్చామో లేదో, మా తమ్ముడు ఫోనులో ఒక వీడియో తీసి మా బావమరిది ముందు పెట్టాడు. లారీ మీద నుంచి ఓటింగ్ యంత్రాల పెట్టెలు దించుతుండగా ఎవరో గోడచాటు నుంచి తీసిన వీడియో అది. ఏ ఊరో, ఏ ఏడాదో అందులో ఎక్కడా తెలియదు. "చూడు బావా, మీ గెలుపు ఇదీ" అన్నాడు మా తమ్ముడు. మా బావమరిది దాన్ని సగం కూడా చూడకుండానే పకపకా నవ్వి, "ఇది 2019లో నేనే నీకు పంపాను కదా బావా" అన్నాడు. ఫోన్లో వెనక్కి వెనక్కి వెళ్లి వెతికితే నిజమేనని తేలింది. 2019లో 23 స్థానాలకు పడిపోయిన పార్టీ మా బావమరిదిది, 2024లో 11 స్థానాలకు పడిపోయిన పార్టీ మా తమ్ముడిది. వీడియో మాత్రం అటూ ఇటూ ఇద్దరికీ అక్కరకొచ్చింది.

నేను లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి 2024 మే 13 దాకా ఎనిమిది సార్లు ఎన్నికల విధులు చేశాను, అందులో ఐదు సార్లు ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రానికి బాధ్యుడిగా. అందుకని మా ఇంట్లో ఈ గొడవ వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ నన్నే మధ్యవర్తిగా కూర్చోబెడతారు, తీర్పు నచ్చకపోతే ఇద్దరూ కలిసి నన్నే తిడతారు. ఆ రోజు పంచలో తేల్చలేకపోయిన విషయాన్ని ఇక్కడ కొంచెం తీరిగ్గా రాయదలచుకున్నాను. మోసం జరిగిందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. జరిగిందనడానికి చూపిస్తున్న ఆధారం ఎంత బరువు మోయగలదు అన్నదే నా ప్రశ్న.

ఆధారాన్ని తూచడానికి నాకు తెలిసిన తక్కెడ ఒకటే. ఎవరైనా ఏదైనా చూపించి ఇదిగో మోసం అన్నప్పుడు, మోసం జరగకపోయినా ఇది ఇలాగే కనిపించేదా అని అడుగుతాను. ఇలాగే కనిపించేది అయితే అది రెండు వైపులా ఒకే బరువు, కాబట్టి ముల్లు కదలదు. లారీలోంచి యంత్రాలు దించే వీడియో అలాంటిది. పోలింగ్ ముందు దించుతారు, పోలింగ్ తరువాత దించుతారు, వాడని రిజర్వు యంత్రాలను వేరే గోదాముకు తరలిస్తూ దించుతారు. మోసం జరిగిన రాష్ట్రంలోనూ జరగని రాష్ట్రంలోనూ లారీలు ఒకేలా ఉంటాయి. 

బ్యాటరీ సంగతీ అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడిన యంత్రంలో లెక్కింపు రోజున 99 శాతం ఛార్జింగ్ ఎలా ఉంటుందని 2024లో విజయనగరం వైపు నుంచి ఫిర్యాదులు వచ్చాయి, ఆ తరువాత హర్యానాలోనూ అదే మాట వినిపించింది. వినగానే నాకూ అనుమానం వేసింది, దాచుకోను. ఎన్నికల సంఘం ఇచ్చిన వివరణ ఏమిటంటే, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లోని బ్యాటరీ మన ఫోన్ బ్యాటరీలా మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టేది కాదు, వోల్టేజీ 7.4కు పైన ఉన్నంతసేపూ తెర మీద 99 అనే చూపిస్తుంది, అంతకు దిగితేనే అసలు శాతం చూపడం మొదలవుతుంది. ఈ మాట నిజమో కాదో నమ్మకం మీద వదిలేయాల్సిన పని లేదు, ఏ మాక్ పోల్‌లోనైనా, అంటే నమూనా పోలింగ్‌లోనైనా, మీటరు పెట్టి చూసుకోవచ్చు. అలా చూసి ఇది తప్పని నిరూపించిన వారెవరూ నాకు కనబడలేదు. అందుకే బ్యాటరీని తక్కెడలోంచి తీసేశాను.

పోలింగ్ శాతం విషయం ఇంత తేలిగ్గా తేలదు. 2024లో మన రాష్ట్రంలో రాత్రి 8 గంటలకు ప్రకటించిన పోలింగ్ సుమారు 68 శాతం, నాలుగు రోజుల తరువాత చెప్పిన అంకె 80.66 శాతం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని ఆర్థికవేత్త పరకాల ప్రభాకర్ బహిరంగంగా ప్రశ్నించారు, మా తమ్ముడికి ఆ ప్రసంగం కంఠతా వచ్చు. 4 కోట్ల 13 లక్షల పైచిలుకు ఓటర్లలో పన్నెండున్నర శాతం అంటే యాభై లక్షల దాకా. వినడానికి గుండె ఆగే అంకె. అయితే రాష్ట్రంలో ఉన్న 46,389 పోలింగ్ కేంద్రాలకు పంచి చూస్తే ఒక్కో కేంద్రానికి సగటున నూట పది ఓట్లు. సాయంత్రం 6 గంటలకు గేటు లోపల వరుసలో ఉన్నవారందరికీ చీటీలు ఇస్తాం. వరుస చివర నిలబడిన మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి అక్కడి నుంచి ముందుకు వస్తాం, అలాగైతేనే ఆ తరువాత వచ్చినవాడు తోకలో దూరలేడు. ఆ రోజు నా కేంద్రంలో నేను ఇచ్చిన చీటీలు నూటికి దగ్గర. ఎండకు జడిసి మధ్యాహ్నం ఇంట్లో కూర్చున్న ఊరంతా నాలుగు గంటలకు ఒక్కసారిగా వచ్చింది. అసెంబ్లీకి ఒక యంత్రం, పార్లమెంటుకు ఒక యంత్రం, మనిషికి రెండు ఓట్లు, మధ్యలో ఒక ముసలాయన లోపలికి వెళ్లి రెండో యంత్రం దగ్గర ఏం చేయాలో మరిచిపోయి అక్కడే నిలబడిపోవడం. మేము ముగించేసరికి రాత్రి 8 దాటింది. కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి.

అంటే ఆ తేడా అసాధ్యమైనదేమీ కాదు. మరి అసాధ్యం కానంత మాత్రాన అది నిజంగా అలాగే జరిగిందని రుజువైనట్టా? కాదు, ఇక్కడే మా బావమరిది తప్పులో కాలేస్తాడు. ప్రిసైడింగ్ అధికారి డైరీ అని ఒక కాగితం ఉంటుంది. రెండేసి గంటలకు ఎన్ని ఓట్లు పడ్డాయో, పోలింగ్ ముగిసే వేళకు ఎన్ని చీటీలు ఇచ్చామో అందులో రాయాలి. రాష్ట్రంలోని కేంద్రాలన్నిటి చీటీల మొత్తాన్ని కూడి ప్రకటిస్తే పరకాల గారి ప్రశ్నకు ఒక్క పూటలో సమాధానం దొరుకుతుంది. రాత్రి 8 గంటల అంకె సెక్టార్ అధికారులు ఫోన్ల మీద అడిగి కూర్చిన అంచనా, చివరి అంకె 17సీ కాగితాల నుంచి వచ్చిన లెక్క. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మోసం అనడం ఎంత తొందరపాటో, చీటీల లెక్క బయటపెట్టకుండా నమ్మండి అనడమూ అంతే తొందరపాటు.

17సీ అనే ఫారం పేరు ఎత్తాను కాబట్టి దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. పోలింగ్ ముగిసి క్లోజ్ బటన్ నొక్కాక, యంత్రంలో మొత్తం ఎన్ని ఓట్లు నమోదయ్యాయో, 17ఏ రిజిస్టరులో ఎంతమంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయో, ఎవరెవరిని ఓటు వేయనివ్వలేదో, పేపరు సీళ్ల నంబర్లేమిటో రాసి, హాజరైన ప్రతి పోలింగ్ ఏజెంటుకూ సంతకం చేసిన ప్రతి ఇవ్వాలి. ఏ అభ్యర్థికి ఎన్ని అన్నది అందులో ఉండదు, మొత్తం మాత్రమే ఉంటుంది. లెక్కింపు రోజు బల్ల మీద అదే యంత్రం మొత్తం ఎంత చూపిస్తుందో ఏజెంటు తన ప్రతితో సరిచూసుకుంటాడు. రాత్రికి రాత్రి స్ట్రాంగ్ రూములో ఓట్లు కలిపారనే ఆరోపణను ఒక్క కాగితంతో నిలబెట్టడానికైనా కూలగొట్టడానికైనా ఇంతకంటే పదునైన ఆయుధం లేదు. అది ఎన్నికల సంఘం దగ్గర మాత్రమే కాదు, ఓడిపోయిన పార్టీ ఇంట్లో కూడా ఉంటుంది.

ఉండాలి అనడం సరైన మాట. ఏజెంట్లలో సగం మంది మధ్యాహ్నానికే అలిసిపోతారు, సాయంత్రానికి ఎవరి మోటారు సైకిలు మీద వాళ్లు వెళ్లిపోతారు. "సార్, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి పోతాను, మీరు నింపుకోండి" అన్నవాళ్లను నేను ప్రతి ఎన్నికలోనూ చూశాను. 2024లో నా కేంద్రంలో ఒక పార్టీ ఏజెంటు తన ప్రతిని మడిచి జేబులో పెట్టుకోగా, ఇంకొకాయన తనది బెంచీ మీదే వదిలి వెళ్లాడు. నేను యంత్రాలకు లక్క సీళ్లు వేసుకుంటూ, వెనక నుంచి కేకేసి పిలిపించి మరీ ఇచ్చాను. ఆ పార్టీ ఏదో చెప్పను, చెబితే మా ఇంట్లో ఇంకో గొడవ.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి, ఎందుకంటే మోసం అనిపించేదానికీ పొరపాటుకూ మధ్య ఎంత సన్నని గోడ ఉందో నాకు అర్థమైంది ఆ రోజే. ఉదయం పోలింగ్ మొదలు కావడానికి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ చేస్తాం. నోటాతో సహా అన్ని గుర్తులకూ కలిపి కనీసం 50 ఓట్లు వేసి, క్లోజ్, రిజల్ట్, క్లియర్ అనే మూడు బటన్లు వరుసగా నొక్కి, వీవీప్యాట్‌లో (ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ మీద అచ్చువేసి చూపే పెట్టెలో) పడిన చీటీలను తీసి వెనక ముద్ర వేసి నల్ల కవరులో సీలు చేయాలి. 2019లో నా కేంద్రంలో ఏజెంట్లు ఆలస్యంగా వచ్చారు, కరెంటు పోయింది, బయట అప్పటికే వరుస కట్టారు. నేను చీటీలు ఏరి లెక్కపెట్టే పనిలో పడి ఆ మూడు బటన్లూ నొక్కడం మరిచిపోయాను. మొదటి ఓటరుకు వేలి మీద సిరా కూడా పెట్టేశారు. అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దాయన, తలపాగా చుట్టుకున్న రైతు, ఒక పార్టీకి ఏజెంటు, "అయ్యవారూ, ఒకసారి టోటలు నొక్కి సున్నా చూపించండి" అన్నాడు. నొక్కితే తెర మీద 50 వచ్చింది. నాకు చెమటలు పట్టాయి. అందరికీ చూపించి, ఆ మూడు బటన్లూ వరుసగా నొక్కి, సున్నా చూపించి, డైరీలో రాసి మొదలుపెట్టాను.

ఆ పెద్దాయన అడగకపోయి ఉంటే సాయంత్రం రిజిస్టరులో ఉన్న సంతకాల కంటే యంత్రంలో 50 ఓట్లు ఎక్కువ ఉండేవి. రాష్ట్రమంతా నా కేంద్రం నంబరు మార్మోగేది. నన్ను ఏ పార్టీ కొన్నదో అని మా ఊళ్లోనే పందేలు కాసేవారు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అదే 2019లో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని 63వ నంబరు కేంద్రంలో యంత్రంలోని ఓట్లకూ వీవీప్యాట్ చీటీలకూ లెక్క కుదరలేదు. మాక్ పోల్ ఓట్లు తుడిచివేయకపోవడమే అందుకు కారణమని విచారణలో తేలిందని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. ఆ ప్రిసైడింగ్ అధికారి ఎవరో నాకు తెలియదు గానీ ఆయన మీద నాకు జాలి. ఆయన కేంద్రంలో తలపాగా పెద్దాయన లేడు.

ఇలాంటి యంత్రాలను, 17సీతో లెక్క కుదరనివాటిని, 2024 నాటి పద్ధతిలో లెక్కింపు రోజున పక్కన పెట్టేవారు. గెలుపు తేడా వాటిలోని ఓట్ల కంటే ఎక్కువైతే వాటిని లెక్కించకుండానే ఫలితం ప్రకటించేవారు. ఈ సంగతి తెలియకపోతే ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ 2024 లోక్‌సభ ఎన్నికల మీద ఇచ్చిన అంకెలు భయపెడతాయి. 362 నియోజకవర్గాల్లో పోలైనవాటి కంటే లెక్కించిన ఓట్లు 5,54,598 తక్కువ, 176 నియోజకవర్గాల్లో 35,093 ఎక్కువ అని వారు తేల్చారు. మా తమ్ముడు ఎప్పుడూ ఐదున్నర లక్షలనే పట్టుకుంటాడు, పెద్ద అంకె కాబట్టి. నా దృష్టిలో విషయం తలకిందులు. తక్కువ పడటానికి పక్కన పెట్టిన యంత్రాలనే మామూలు కారణం ఉంది. వేసిన ఓట్ల కంటే లెక్కించినవి ఎక్కువ రావడానికి అంత సులువైన కారణం లేదు. అంకెలు ఎక్కించడంలో పొరపాటే కావచ్చు, కానీ కేంద్రాల వారీగా ఆ లెక్క చూపించి తీరాలి. ఆ 35 వేల మీద పట్టుబట్టి అడిగినవాళ్లు చాలా తక్కువ, ఐదున్నర లక్షల మీద గొంతు చించుకున్నవాళ్లు ఎక్కువ. అనుమానించడంలో కూడా ఒక పద్ధతి కావాలి.

ఇప్పుడు వీవీప్యాట్ చీటీల లెక్క. నియోజకవర్గానికి ఒక కేంద్రంలో మాత్రమే చీటీలు లెక్కించే పద్ధతిని ఐదు కేంద్రాలకు పెంచమని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఆదేశించింది. సగం కేంద్రాల్లో లెక్కించాలని చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు కోర్టుకు వెళితే వచ్చిన ఆదేశం అది. ఆ కేంద్రాలను లెక్కింపు చివర అభ్యర్థుల ఎదుట లాటరీ తీసి ఎంచుతారు. ఐదు చాలా అంటే, అది మీరు చేసే ఆరోపణను బట్టి ఉంటుంది. 260 కేంద్రాలున్న ఒక నియోజకవర్గంలో 26 యంత్రాలను ఎవరో మార్చారనుకుందాం. లాటరీలో తీసిన ఐదింటిలో ఆ 26లో ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం నూటికి 59. అంటే దొంగ దొరకడం కంటే తప్పించుకోవడానికే వీలెక్కువ. అదే రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల్లోనూ ఇదే పనిచేశారనుకుంటే, ఒక్కచోటా పట్టుబడకుండా ఉండాలంటే ఆ 59 శాతాన్ని దానితోనే 175 సార్లు హెచ్చించుకుంటూ పోవాలి. దశాంశ బిందువు తరువాత ముప్పై తొమ్మిదో నలభయ్యో సున్నాలు దాటితే గాని అంకె కనిపించదు. 

కాబట్టి ఒకే రుజువు రెండు ఆరోపణల మీద రెండు రకాలుగా పనిచేస్తుంది. రాష్ట్రమంతటా యంత్రాలను మార్చి ఫలితాన్నే తిప్పేశారన్న మాట ఈ ఐదేసి కేంద్రాల చీటీల లెక్క ముందు నిలవదు. 2024లో మా తమ్ముడు అన్నా, 2019లో మా బావమరిది అన్నా నిలవదు. ఫలానా ఒక్క నియోజకవర్గంలో కొన్ని కేంద్రాల్లో ఏదో జరిగిందన్న మాటను మాత్రం ఈ లెక్క కొట్టిపారేయలేదు. అలాంటి ఆరోపణకు వేరే పరీక్ష కావాలి.

ఆ వేరే పరీక్ష మన జిల్లాలోనే, ఒంగోలులోనే జరగబోయి ఆగింది. 2024 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు, ఓడిపోయి రెండు, మూడు స్థానాల్లో ఉన్న అభ్యర్థులు కోరితే నియోజకవర్గంలోని ఐదు శాతం యంత్రాల మెమొరీని, మైక్రోకంట్రోలరు చిప్‌ను ఇంజనీర్లతో పరీక్షింపజేసుకోవచ్చని చెప్పింది. ఒంగోలు అసెంబ్లీ స్థానంలో 34 వేల పైచిలుకు ఓట్లతో ఓడిన మా తమ్ముడి పార్టీ అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాల యంత్రాలను పరీక్షించమని అడిగారు. యంత్రాల సెట్టు ఒక్కింటికి 40,000 రూపాయలు, జీఎస్టీతో 47,200, పన్నెండింటికి 5,66,400 రూపాయలు కట్టారు. లాటరీ కాదు, తనకు అనుమానమున్న కేంద్రాలను తానే ఎంచుకోవచ్చు కాబట్టి ఇది ఐదు కేంద్రాల చీటీల లెక్క కంటే చాలా పదునైన పరీక్ష కావాలి.

తీరా ఆగస్టులో అధికారులు చేయబోయింది మాక్ పోల్. ఆ యంత్రాల్లో కొత్తగా ఓట్లు వేసి, యంత్రం వాటిని సరిగ్గా లెక్కపెడుతోందో లేదో చూపిస్తామన్నారు. మే 13న పడిన ఓట్లను వీవీప్యాట్ చీటీలతో సరిచూడాలని తాను అడిగితే, ఈ రోజు యంత్రం బాగా పనిచేస్తోందని చూపిస్తే ఏం లాభమని బాలినేని అభ్యంతరం చెప్పి హైకోర్టుకు వెళ్లారు. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. నిన్న రాత్రి దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేస్తే, పోలీసులు వచ్చి తాళం కప్ప చూసి, ఇది బాగానే పడుతోంది అని వెళ్లిపోయినట్టుంది. ఆ మాక్ పోల్‌లో అంకెలు కుదిరి ఉన్నా మోసం జరగలేదని రుజువయ్యేది కాదు. అది అడిగిన ప్రశ్నకు జవాబే కాదు. ఇదే తగువు మళ్లీ సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, పరీక్ష పేరుతో యంత్రంలోని డేటాను చెరపవద్దని, కొత్త డేటా ఎక్కించవద్దని 2025 ఫిబ్రవరిలో కోర్టు ఎన్నికల సంఘానికి చెప్పింది. 

ఇంతలో 2024 సెప్టెంబరులో బాలినేని పార్టీ మారి, మా బావమరిది పార్టీకి మిత్రపక్షమైన జనసేనలో చేరారు. ఆ తరువాత మా ఇంట్లో ఒంగోలు యంత్రాల ఊసు ఎత్తినవాడు లేడు. మా తమ్ముడికి ఆ పేరు ఎత్తడం ఇష్టం లేదు, మా బావమరిదికి ఆ పేరును తిట్టడం ఇష్టం లేదు. ఆ పన్నెండు కేంద్రాల చీటీల ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

యంత్రాల మీద ఇంత రాశాను గానీ, నా అనుభవంలో మోసం దూరే దారి యంత్రం కంటే ఓటర్ల జాబితా. బ్యాలెట్ రోజుల్లో పదిమంది వచ్చి కట్టకు కట్ట గుద్దుకుని పోవడం నేను కళ్లారా చూశాను. యంత్రం వచ్చాక నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి పడవు, గొడవ మొదలైతే క్లోజ్ నొక్కేయొచ్చు. జాబితాలో లేని మనిషిని పుట్టించడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆఫీసులో కూర్చుని చేసే పని. 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికే చూడండి. అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి కూడా అందులోవే కాబట్టి మనవాళ్లకు బాగా గుర్తుంటుంది. బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో దొంగ ఓటర్లను దించారని ఆ రోజు అరిచినవాళ్లను అవతలివారు ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఎగతాళి చేశారు. తరువాత విచారణలో, ఓటర్ల నమోదు అధికారి లాగిన్ వాడి 30 వేలకు పైగా ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేసిన సంగతి బయటపడింది, 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. లాగిన్ ఎవరిది, ఏ రోజు, ఎన్ని కార్డులు అన్నది కంప్యూటర్ చెబుతుంది. మోసం జరగకపోతే ఆ జాడ ఉండేదే కాదు. నా తక్కెడలో ముల్లు బలంగా వాలిన ఆధారం ఇది.

అయినా ఆ ఎన్నికలో గెలుపు తేడా 2 లక్షల 71 వేలు. ఆ కార్డులన్నీ దొంగ ఓట్లయినా ఫలితం మారేది కాదు. మా తమ్ముడు దీన్ని పట్టుకుని, "మారదు కదా అన్నా, ఇక గోల ఎందుకు" అంటాడు. 2024 ఫలితాల మీద ఇదే మాట మా బావమరిది అంటే మాత్రం ఒప్పుకోడు. చట్టం ఈ రెంటినీ వేరు చేసే చూస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 100వ సెక్షన్ ప్రకారం, చెల్లని ఓట్లు పడ్డాయనో నిబంధనలు తప్పారనో అంటే, దానివల్ల ఫలితం దెబ్బతిన్నదని కూడా చూపించాలి. గెలిచిన అభ్యర్థే, లేదా ఆయన ఎన్నికల ఏజెంటే, అవినీతికర చర్యకు పాల్పడ్డాడని రుజువైతే ఓట్ల తేడాతో నిమిత్తం లేదు, ఎన్నిక రద్దు. కాకపోతే దానికి కోర్టులు క్రిమినల్ కేసంత గట్టి రుజువు అడుగుతాయి, పిటిషన్ ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో వేయాలి.

45 రోజులన్న ఈ గడువే ఇప్పుడు ఇంకో చిక్కు తెచ్చింది. 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93వ దాన్ని సవరించి, సీసీటీవీ రికార్డుల వంటివి ఎవరైనా అడిగి చూసే వీలు లేకుండా చేశారు. 2025 మేలో, కోర్టులో కేసు లేకపోతే వీడియోలను 45 రోజుల తరువాత ఉంచనక్కర లేదని అధికారులకు చెప్పారు. 2024 పోలింగ్ రోజున మాచర్ల నియోజకవర్గం పాల్వాయిగేటులో 202వ నంబరు కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం లోపలి వెబ్ కెమెరాలో ఉండబట్టే వారం తరువాతైనా దేశం చూసింది. ఎవరి మాట నిజమో చెప్పగలిగే వస్తువును దాచిపెట్టి, మీ దగ్గర ఆధారం ఏది అని ఫిర్యాదుదారును అడగడం నాకు న్యాయంగా తోచదు. వీవీప్యాట్ చీటీ మీద వేరే గుర్తు పడిందని ఓటరు చెబితే, 49ఎంఏ నియమం కింద అబద్ధమైతే జైలుకు పోతావని ముందే హెచ్చరించి రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడు ఒక పరీక్ష ఓటు వేయించాలి. ఆ హెచ్చరిక చదివి వినిపిస్తే మా పల్లెల్లో నిజం చెప్పేవాడు కూడా దండం పెట్టి వెళ్లిపోతాడు. ఇప్పటిదాకా అలా వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటీ నిజం కాలేదని ఎన్నికల సంఘం గొప్పగా చెబుతుంది. ఎన్ని రాకుండా ఆగిపోయాయో ఆ లెక్కలో లేదు.

తలుపు తెరిచి చూపిస్తే ఏమవుతుందో చెప్పడానికి హర్యానాలోని పానిపట్ జిల్లాలో ఒక సర్పంచ్ ఎన్నిక చాలు. 2022లో జరిగిన ఆ ఎన్నిక యంత్రాలను 2025లో సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించి లెక్కించగా, ఓడినట్టు ప్రకటించిన మనిషి 51 ఓట్లతో గెలిచాడని తేలింది. అందులో కుట్ర లేదు, ఒక కేంద్రంలో ఇద్దరి ఓట్లను తారుమారుగా రాసిన అధికారి పొరపాటు ఉంది. యంత్రం నిజమే చెప్పింది, కాగితం తప్పు చెప్పింది. మా ఇద్దరు మహానుభావుల వాదనలో ఏ పక్కకూ ఒదగని కేసు ఇది.

ఇదంతా విని మా తమ్ముడు, "నిప్పు లేనిదే పొగ రాదన్నా" అన్నాడు. అయితే పొగ వద్దు, నిప్పు దగ్గరికే పోదామన్నాను. వాడి అత్తగారి ఊళ్లో మూడు పోలింగ్ కేంద్రాలున్నాయి. మూడింటిలోనూ వాడి పార్టీ ఏజెంట్లు కూర్చున్నారు. కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చెప్పే ఫారం 20 అందరికీ అందుబాటులో ఉంది. మూడు 17సీ ప్రతులు సంపాదించి పక్కన పెట్టుకుని కూడికలు చేయి, ఒక్కచోట తేడా వచ్చినా నీ తరఫున నేనే అర్జీ రాసిపెడతానన్నాను. మా బావమరిది కూడా సంతకం పెడతానన్నాడు. వాడు నవ్వుతున్నాడో నిజంగానే అంటున్నాడో నాకు తెలియలేదు.

పది రోజుల తరువాత మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఒక ఏజెంటు తన ప్రతిని పార్టీ ఆఫీసులో ఇచ్చానన్నాడట, ఆఫీసులో మాకు రాలేదన్నారట. రెండో ఏజెంటు పనికోసం బెంగళూరు వెళ్లిపోయాడు, ఇంట్లో అడిగితే ఆ కాగితం ఏమిటో కూడా వాళ్లకు తెలియదు. మూడో ఆయన మాత్రం పట్టాదారు పాసుపుస్తకంలో మడిచి భద్రంగా దాచాడు. అందులోని మొత్తం ఫారం 20లోని మొత్తంతో ఒక్క ఓటు తేడా లేకుండా సరిపోయింది.

"మరి?" అన్నాను.

"జరిగితే ఆ మిగిలిన రెండిట్లోనే జరిగుంటుందన్నా" అన్నాడు. 

బెంగళూరు వెళ్లిన అబ్బాయి సంక్రాంతికి వస్తాడట. వాళ్ల ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉందట.